తీగ లాగితే డొంక కదిలింది

సామెతలు ఊరికే పుట్టవు అంటారు కదా. ఈ సామెతని మాత్రం నేను కళ్ళారా చూశాను. అదీ పొలం గట్టు మీద కాదు, ఏసీ వేసిన సర్వర్ రూములో.

నేను ఇంతకు ముందు పనిచేసిన కంపెనీలో (పేరెందుకులెండి) ఒక శనివారం రాత్రి మా టీము సీట్లు రెండో అంతస్తు నుంచి నాలుగో అంతస్తుకి మారుస్తున్నారు. సర్వర్ రూములో కాంట్రాక్టు మీద పనిచేసే నెట్‌వర్క్ కుర్రాడు ఒక్కడే ఉన్నాడు. ఫోనులో ఇవతల నేను. నా ముందు ఒక ఎక్సెల్ షీటు, అందులో మా పాత సీట్ల పోర్టు నంబర్లు.

"అన్నా, రెండో ప్యానెల్ల పదిహేడు తీసెయ్యాల్నా?"

"షీట్లో అదే ఉంది. తీసెయ్ తమ్ముడూ."

అలా పదకొండు తీగలు తీయించాను. తీసినవి తీసినట్టు కింద కుప్పగా పడ్డాయి. పది నిమిషాల తర్వాత ఫోన్లు మొదలయ్యాయి. మూడో అంతస్తు మొత్తం నెట్‌వర్క్ లేదు, అమెరికా వాళ్ళ రిలీజు మధ్యలో ఆగిపోయింది. నా షీటు రెండేళ్ళ పాతది. ఆ పదకొండులో ఏవో రెండు మూడు మా సీట్లవి కావు, ఎప్పుడో ఎవరో అవసరానికి పక్క రాకులోని స్విచ్చులకి వేసుకున్న లింకులు. ఏది ఎక్కడిదో తీగ మీద రాసి లేదు. అన్నీ తెలిసిన పాత అడ్మిన్ గారు ఆర్నెల్ల కిందటే రాజీనామా చేసి వెళ్ళిపోయారు. మళ్ళీ అన్నీ వెతికి పెట్టేసరికి నాలుగు గంటలు పట్టింది.

ఆదివారం కారణాల మెయిల్ నేనే రాశాను. "మూల కారణం: మానవ తప్పిదం, టెక్నీషియన్ తప్పు కేబుళ్ళు తొలగించాడు." సోమవారం నుంచి ఆ కుర్రాడు ఆఫీసులో కనబడలేదు.

అప్పటిదాకా నాకు రాకు అంటే ఇనప బీరువా, ప్యాచ్ ప్యానెల్ అంటే చిల్లుల పట్టీ, అంతే. మనం సాఫ్ట్‌వేర్ వాళ్ళం కదా, తీగలు మన స్థాయికి తగిన సబ్జెక్టు కాదని ఒక పొగరు :) ఆ తర్వాతే కాస్త సిగ్గుతో చదవడం మొదలుపెట్టాను. రాకు 19 అంగుళాలే ఎందుకుంటుంది? స్విచ్చులోకి నేరుగా గుచ్చకుండా మధ్యలో ప్యాచ్ ప్యానెల్ ఎందుకు? లేబుల్ అనేది ఎవరి ఆలోచన? తీగ పట్టుకుని వెనక్కి పోతే 1878 దాకా వెళ్ళాను. ఆ డొంకే ఈ టపా.

*

మొదట్లో టెలిఫోన్లు జంటలుగా అమ్మేవాళ్ళు. మీ ఇంట్లో ఒకటి, మీ కొట్లో ఒకటి, మధ్యలో తీగ. ముగ్గురికి కావాలంటే మూడు తీగలు. 21 మంది అందరూ అందరితో మాట్లాడాలంటే? మన ఇంటర్ లెక్కే, 21 ఇంటూ 20 బై 2, అంటే 210 తీగలు. వంద మందికి 4950. ఊరు ఊరంతా తీగలే మిగులుతాయి.

దీనికి విరుగుడు 1878 జనవరి 28న అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రం న్యూ హేవెన్‌లో మొదలైంది. జార్జ్ కోయ్ అనే ఆయన మొదటి వాణిజ్య టెలిఫోన్ ఎక్స్ఛేంజి పెట్టాడు. 21 మంది చందాదారులు, 8 లైన్లు. అందరి తీగలూ ఒకే బోర్డు దగ్గరికొస్తాయి, కావలసిన ఇద్దరినీ అక్కడ కలుపుతారు. ఆ బోర్డు దేనితో చేశాడో తెలుసా? గుర్రపు బండ్లకి వాడే బోల్టులు, టీ కెటిల్ మూతల పిడులు, ఆడవాళ్ళ గౌన్ల లోపల వాడే తీగ. మన స్టార్టప్ వాళ్ళు చెప్పే 'జుగాడ్' అక్కడే మొదలైందన్నమాట.

తర్వాత షికాగోలో వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీ ఇంజనీరు చార్లెస్ స్క్రిబ్నర్ ఈ కలపడాన్ని సుళువు చేశాడు. ఆయన చేసిన స్విచ్చు చూడ్డానికి మడత చాకులా ఉండేది. ఆ చాకుని ఇంగ్లీషులో జాక్ నైఫ్ అంటారు. అందులోంచే 'జాక్' అన్న మాట వచ్చింది. ఇప్పటికీ మనం జాక్ అనే అంటున్నాం, చాకు సంగతి ఎవరికీ గుర్తు లేదు. ఆ స్విచ్‌బోర్డుల్లో వాడిన పావు అంగుళం ప్లగ్గే ఈ రోజుకీ గిటారుకి గుచ్చేది. మీ రాకులో వేలాడే ప్యాచ్ కార్డుకి ముత్తాత కూడా ఆ బోర్డు మీద ఆపరేటరు పట్టుకుని గుచ్చిన తాడే.

ఇక్కడ నన్ను ఆపేసిన సంగతి ఒకటుంది. 1878 ఫిబ్రవరిలో న్యూ హేవెన్‌లో మొదటి టెలిఫోన్ డైరెక్టరీ వేశారు. ఒక్క కాగితం, 50 పేర్లు. నంబర్లు లేవు! అవసరం లేదు మరి. "ఫలానా డాక్టరు గారింటికి కలపమ్మా" అంటే చాలు, ఎవరి తీగ ఎక్కడుందో ఆపరేటరుకి నోటికొచ్చు. మరి నంబర్లు ఎందుకొచ్చాయి?

1879లో మసాచుసెట్స్‌లోని లోవెల్ అనే ఊళ్ళో తట్టు వ్యాపించింది. ఆ ఊరి ఎక్స్ఛేంజిలో ఆపరేటర్లు నలుగురే. మోజెస్ గ్రీలీ పార్కర్ అనే వైద్యుడికి ఒక భయం పట్టుకుంది: ఈ నలుగురూ ఒకేసారి మంచాన పడితే ఎలా? కొత్తగా వచ్చిన వాళ్ళకి ఎవరి తీగ ఏదో ఎలా తెలుస్తుంది? చందాదారులకి నంబర్లు ఇవ్వండి, అప్పుడు కొత్తవాళ్ళు కూడా పని నడిపిస్తారు అని సలహా ఇచ్చాడు. టెలిఫోన్ నంబరు పుట్టుక కథ అది.

అంటే లేబులింగ్ అనే ఆలోచన నీటుగా కనబడ్డానికి రాలేదు. తెలిసిన మనిషి లేనప్పుడు తెలియని మనిషి కాళ్ళు చేతులు ఆడకుండా ఉండిపోకూడదని వచ్చింది. అలా ముందే భయపడ్డానికి ఆ ఊళ్ళో ఒక డాక్టరున్నాడు. మా ఆఫీసులో లేడు.

*

ఎక్స్ఛేంజి లోపల కొంత క్రమం వచ్చింది సరే, బయట మాత్రం అరాచకం. న్యూయార్కు వీధుల్లో టెలిగ్రాఫ్, టెలిఫోన్, కరెంటు కంపెనీలు ఎవరికి తోచినట్టు వాళ్ళు స్తంభాల మీద తీగలు లాగారు. స్టాక్‌హోమ్‌లో అయితే 1887లో ఒక పెద్ద టవరే కట్టారు. సుమారు 5500 టెలిఫోన్ లైన్లు దాని మీదికొచ్చేవి. ఆ ఫోటో దొరికితే చూడండి, ఊరి మీద వల విసిరినట్టుంటుంది.

తీగలు భూమిలో వేయాలని న్యూయార్కు రాష్ట్రం 1884లోనే చట్టం చేసింది. కంపెనీలు పట్టించుకోలేదు. 1888 మార్చిలో పెద్ద మంచు తుఫాను వచ్చి స్తంభాలూ తీగలూ కూలిపోయాయి, ఊరికి బయటి ప్రపంచంతో మాట తెగిపోయింది. ఆ మరుసటి యేడు 1889 అక్టోబరు 11న జాన్ ఫీక్స్ అనే లైన్‌మన్ మధ్యాహ్నం పూట స్తంభమెక్కి పనికిరాని టెలిగ్రాఫ్ తీగలు కోస్తున్నాడు. అవి ప్రమాదం లేని తీగలే. కానీ ఎక్కడో దూరంగా హై వోల్టేజి తీగ ఒకటి వాటికి తగిలి ఉందని ఆయనకి తెలియదు. కింద వందల మంది చూస్తుండగా ఆ తీగల మధ్యే ప్రాణం పోయింది. ఆ తర్వాతే నగరంలో స్తంభాలు నరకడం, తీగలు భూమిలోకి దింపడం గట్టిగా మొదలయ్యాయి.

ఇది పాతకాలపు అమెరికా సంగతి అనుకోకండి. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి 5 గురు చనిపోయారు. ఆ తర్వాత విద్యుత్ సిబ్బంది నగరంలో స్తంభాలకి వేలాడుతున్న ఇంటర్నెట్ కేబుళ్ళు కోసుకుంటూ వెళ్ళారు. చాలా ఇళ్ళలో నెట్ పోయింది, వ్యవహారం హైకోర్టు దాకా వెళ్ళింది. ఆ చిక్కులో ఏ తీగ ఎవరిదో, ఏది బతికున్నదో ఏది చచ్చినదో పైకెక్కిన మనిషికి తెలియదు. 1889లో ఫీక్స్‌కీ తెలియదు. మధ్యలో 136 యేళ్ళు.

తీగల గొడవలో ఒక మంచి సంగతి కూడా జరిగింది. తొలి టెలిఫోన్లకి ఒకటే తీగ, రెండో దారి భూమి. 1880ల చివర్లో ఎలక్ట్రిక్ ట్రాములు రావడంతో వాటి కరెంటు కూడా భూమిలోంచే పారి ఫోన్లలో గురగుర మొదలైంది. దానితో రెండు తీగలు వేయక తప్పలేదు. ఆ రెంటినీ ఒకదానికొకటి మెలిపెడితే మంచిదని గ్రాహంబెల్ 1881లోనే పేటెంటు తీసుకున్నాడు. కిటుకు చాలా సులువు. బయటి నుంచి వచ్చే అలజడి మెలికలో ఉన్న రెండు తీగల మీదా సమానంగా పడుతుంది. అవతలి చివర రెంటి తేడా మాత్రమే తీసుకుంటే అలజడి కొట్టుకుపోతుంది, అసలు మాట మిగులుతుంది. మీ క్యాట్-6 కేబుల్ విప్పి చూడండి, నాలుగు జతలూ నాలుగు రకాల మెలికతో ఉంటాయి. ఒక జత మాట పక్క జతలోకి దూరకుండా ఆ తేడా. 1881 నాటి ఆలోచన మీద ఇవాళ 10 గిగాబిట్లు పరిగెడుతున్నాయి.

*

ఇంతకీ ప్యాచ్ ప్యానెల్ ఎందుకు? దీనికి సమాధానం టెలిఫోన్ ఎక్స్ఛేంజిలోని ఎమ్‌డిఎఫ్‌లో ఉంది. మెయిన్ డిస్ట్రిబ్యూషన్ ఫ్రేమ్ అన్నమాట. నిలువుగా పెద్ద ఇనప చట్రం. ఒక పక్క వీధుల్లోంచి వచ్చిన కేబుళ్ళు, రెండో పక్క ఎక్స్ఛేంజి యంత్రం నుంచి వచ్చిన తీగలు. రెండు పక్కలా బిగించినవి బిగించినట్టే ఉంటాయి, వాటిని ఎవరూ ముట్టుకోరు. మధ్యలో జంపర్ తీగలు మాత్రం మారుతుంటాయి. మీరు ఇల్లు మారితే వీధి కేబుల్ మారదు, యంత్రమూ మారదు, జంపరు మారుతుంది.

సూత్రం ఒకటే: కదలకూడని దాన్ని, కదిలేదాన్ని వేరు చెయ్యి. గోడలోంచి వచ్చే కేబుల్లో ఒంటి రాగి తీగ ఉంటుంది. సిగ్నల్ బాగా మోస్తుంది కానీ పదేపదే వంచితే విరుగుతుంది. ప్యాచ్ కార్డులో సన్నటి పోగులు కలిపిన తీగ ఉంటుంది, వంగడానికి అదే మేలు. గోడ కేబుల్ చివర మగ కనెక్టరు క్రింపు చేసి నేరుగా స్విచ్చులో గుచ్చామంటే విరిగేదాన్ని తీసుకెళ్ళి రోజూ కదిలే చోట పెట్టామన్నమాట. ప్యాచ్ ప్యానెల్ దండగ ఖర్చు అనే మేనేజర్లకి ఈ ఒక్క ముక్క చెప్పండి. మనకి తెలియని సూత్రమేం కాదిది, ఇంటర్ఫేసు స్థిరంగా ఉంచి వెనకాల ఇంప్లిమెంటేషన్ మార్చుకోవడం అని మనం రోజూ చెప్పుకునేదే. తీగల వాళ్ళు మనకన్నా చాలా ముందే కనిపెట్టారు.

ఇక 19 అంగుళాల సంగతి. 1915 జనవరిలో న్యూయార్కు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి టెలిఫోన్ లైను తెరిచారు. అంత దూరంలో మాట సన్నబడిపోతుంది కాబట్టి దారిలో దాన్ని పెంచే రిపీటర్లు కావాలి. మొదట్లో ఆ రిపీటర్లని చెక్క పెట్టెల్లో, అరల మీద ఎలా పడితే అలా పెట్టేవాళ్ళు. దూరపు లైన్లు పెరిగేకొద్దీ గదులు చాల్లేదు. దాంతో 1922 ప్రాంతంలో ఎటిఅండ్‌టి ఇంజనీర్లు కూర్చుని ఒక పద్ధతి పెట్టారు. ఏ పరికరమైనా ముందు పలక వెడల్పు 19 అంగుళాలు. ఎత్తు ఎంతైనా పెట్టుకో, కానీ ఒకటి ముప్పావు అంగుళాల గుణిజం అయి తీరాలి. బిగించే చిల్లుల దూరం అందరికీ ఒకటే.

ఆ ఒకటి ముప్పావు అంగుళాలే ఇవాళ మనం 1యు అంటున్నది. 44.45 మిల్లీమీటర్లు. 42యు రాకు అంటే లోపల 1.87 మీటర్ల ఎత్తు. రాకు చిల్లులు ఎప్పుడైనా గమనించారా? సమాన దూరంలో ఉండవు. 15.875, 15.875, 12.7 మిల్లీమీటర్లు, మళ్ళీ అదే వరస. ఆ దగ్గరగా ఉన్న రెండు చిల్లుల మధ్యే ఒక యు అయిపోయి ఇంకోటి మొదలవుతుంది. ఇది తెలియక ఒక చిల్లు కిందకో పైకో స్విచ్చు బిగిస్తే పైన అరముక్క జాగా దండగ. నేను చూసిన రాకుల్లో సగం ఇంతే :)

రిపీటర్లు పోయాయి, వాల్వులు పోయాయి, ఆ ఎటిఅండ్‌టి గుత్తాధిపత్యమూ 1984లో ముక్కలైంది. 19 అంగుళాలు మాత్రం మిగిలింది. రేడియో స్టేషన్లు వాడాయి, సంగీతం స్టూడియోలు వాడాయి, తర్వాత మనం వాడాం. 2011లో ఫేస్‌బుక్ మొదలుపెట్టిన ఓపెన్ కంప్యూట్ వాళ్ళు పరికరాల వెడల్పు 21 అంగుళాలు చేసుకున్నారు. కానీ రాకు బయటి వెడల్పు మాత్రం పాత 600 మిల్లీమీటర్లే ఉంచారు. వందేళ్ళ నాటి పలకని కాదన్నవాళ్ళు కూడా దాని చుట్టూ అలవాటైన నేలని కాదనలేకపోయారు.

*

ఇప్పుడు కంప్యూటర్ల వైపొద్దాం. 1973 మే 22న జెరాక్స్ పరిశోధన కేంద్రంలో బాబ్ మెట్‌కాఫ్ రాసిన మెమోతో ఈథర్‌నెట్ పుట్టింది. 1983లో ప్రమాణంగా వచ్చిన 10బేస్5కి చిటికెన వేలంత లావు కోయాక్సియల్ కేబుల్ వాడేవాళ్ళు. భవనమంతా ఒకటే కేబుల్, 500 మీటర్ల దాకా. దాని మీద ప్రతి 2.5 మీటర్లకి ఒక గుర్తు. ఆ గుర్తు దగ్గర చిల్లు పొడిచి లోపలి తీగని అందుకోవాలి. రక్తం పీల్చే దెయ్యం కోరలా ఉంటుందని దాన్ని వ్యాంపైర్ ట్యాప్ అనేవాళ్ళు.

అది ఖరీదని సన్న కేబుల్ 10బేస్2 వచ్చింది. ఒక కంప్యూటరు నుంచి పక్క కంప్యూటరుకి, అక్కడి నుంచి ఆ పక్కదానికి. రెండు చివర్లా 50 ఓముల టెర్మినేటరు. వినాయక చవితి పందిట్లో సీరియల్ బల్బులు గుర్తున్నాయా? ఒక బల్బు పోతే దండంతా ఆరిపోతుంది, ఏది పోయిందో తెలియక ఒక్కోటీ పీకి చూడాలి. సరిగ్గా అదే. ఎవరో కుర్చీ జరుపుతూ కాలితో తన్నితే అంతస్తు మొత్తం ఆగిపోయేది. ఆ రోజులు చూసిన మా పాత ఆర్కిటెక్టు గారు ఆ మాటెత్తితే ఇప్పటికీ దండం పెడతారు.

విచిత్రమేంటంటే దీనికి మందు ప్రతి భవనంలోనూ అప్పటికే ఉంది. టెలిఫోన్ తీగలు! ప్రతి బల్ల నుంచి విడిగా ఒక తీగ ఒక గదిలోకి వస్తుంది. ఒకటి తెగితే ఒక ఫోనే పోతుంది. ఎటిఅండ్‌టి వాళ్ళు ఆ ఫోన్ తీగల మీదే 1 మెగాబిట్‌తో స్టార్‌లాన్ తెచ్చారు, 1987లో అది ప్రమాణమైంది. జెరాక్స్ నుంచి బయటికొచ్చిన ఇద్దరు 1985లో పెట్టిన సినాప్టిక్స్ కంపెనీ 1987లో అదే మెలితీగ మీద 10 మెగాబిట్లు నడిపించింది. 1990లో 10బేస్-టి ప్రమాణం వచ్చింది. లావు కేబుల్ పని అయిపోయింది.

ఆర్‌జె-45 చివర ఎనిమిది సూదులుంటాయి. వాటిలో 10 మెగాబిట్ల ఈథర్‌నెట్ 1, 2, 3, 6 వాడుకుంది. మధ్యలో 4, 5 ఎందుకు వదిలేసింది? అవి టెలిఫోన్ మొదటి లైనువి. ఫోన్‌తోనే పుట్టిన సాకెట్టులో కొత్తగా వచ్చిన చుట్టం ఇంటి పెద్ద కుర్చీలో కూర్చోకుండా పక్కన సర్దుకుందన్నమాట. ఆకుపచ్చ, నారింజ రంగు జతల చోట్లు మార్చి చేసిన రెండు వరసలు, టి568ఎ, టి568బి, కూడా ఫోన్ల వారసత్వమే. మొదటిది పాత టెలిఫోన్ అమరికతో కలుస్తుంది, రెండోది ఎటిఅండ్‌టి సొంత అమరిక. ఏది వేసినా పని ఒకటే, భవనమంతా ఒకటే వేయాలి, అంతే.

1984లో ఎటిఅండ్‌టి విడిపోయినప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. అప్పటిదాకా భవనం లోపలి తీగలు కూడా ఫోన్ కంపెనీ బాధ్యతే. ఇప్పుడు అవి ఎవరివి? భవనం వాళ్ళవే అని తేలింది. కానీ ఐబిఎం ఒక రకం కేబుల్ వేయమంటుంది, ఎటిఅండ్‌టి ఇంకో రకం, కంప్యూటరు మార్చినప్పుడల్లా గోడలు పగలగొట్టాలి. అందుకని ఏ కంపెనీకీ చెందని ఒక ప్రమాణం కావాలని పరిశ్రమ కోరింది. 1991 జులైలో వచ్చిన టిఐఎ/ఇఐఎ-568 అది. గోడలో 90 మీటర్ల దాకా కదలని కేబుల్, రెండు చివర్లా ప్యాచ్ కార్డులకి కలిపి 10 మీటర్లు, మొత్తం వంద. ఎమ్‌డిఎఫ్ నాటి సూత్రమే, ఈసారి అంకెలతో రాశారు. 1993లో దానికి తోడు 606 అని ఇంకో ప్రమాణం వచ్చింది. దేనికో ఊహించండి. లేబుళ్ళకి! ఏ కేబుల్‌కి ఏ పేరు, రెండు చివర్లా ఎలా రాయాలి, రికార్డు ఎలా ఉంచాలి అని. లోవెల్ డాక్టరు గారి మాట 114 యేళ్ళకి ప్రమాణపత్రం ఎక్కింది.

ఆ ప్రమాణం ఎంత మేలు చేసిందో చూడండి. 100 మెగాబిట్ల కోసం వేసిన క్యాట్-5 తీగల మీదే 1999లో గిగాబిట్ నడిచింది. 2016లో అయితే ఏకంగా 2.5, 5 గిగాబిట్ల కొత్త వేగాలు కనిపెట్టారు. ఎందుకు? 10 గిగాబిట్లకి గోడల్లో తీగలు మార్చాలి, లోకం మార్చనంది. స్విచ్చు అయిదారేళ్ళు, ల్యాప్‌టాప్ మూడేళ్ళు, మన కోడు సంగతి చెప్పక్కర్లేదు. గోడలో తీగ మాత్రం ఇరవై యేళ్ళు. ఆఫీసులో అందరికన్నా సీనియరు అదే.

*

సరే, చరిత్ర చదివి ఏం నేర్చుకున్నావు అంటారా? మీ ఆఫీసులోనో, ఊళ్ళో బాబాయి గారి నర్సింగ్ హోములోనో రాకు పెట్టమని అడిగితే నేను చెప్పే ముక్కలివి.

రాకు కొనేటప్పుడు ఎత్తు కన్నా లోతు ముందు చూడండి. స్విచ్చులకి 600 మిల్లీమీటర్ల లోతు సరిపోతుంది, సర్వర్లకి వెయ్యి దాకా కావాలి. ఈ రోజు అవసరానికి మూడో వంతు జాగా ఎక్కువ ఉంచండి. ప్యాచ్ ప్యానెల్, దాని కిందే స్విచ్చు, మళ్ళీ ప్యానెల్, అలా వరసగా పెడితే జానెడు కార్డులు చాలు. పైన అన్ని ప్యానెళ్ళు, కింద అన్ని స్విచ్చులు పెడితే మీటరు మీటరున్నర కార్డులు జడల్లా వేలాడతాయి. చిక్కు పుట్టేది అక్కడే.

కేబుల్ పెట్టె మీద ఉన్న క్యాట్-6 అన్న మాట ఒక్కటే నమ్మకండి. అల్యూమినియం మీద రాగి పూత వేసిన కేబుళ్ళు మార్కెట్లో చవగ్గా దొరుకుతాయి. అవి ప్రమాణానికి ఒప్పవు. కెమెరాలకీ వైఫై పెట్టెలకీ ఆ తీగలోంచే కరెంటు పంపితే వేడెక్కుతాయి. ఒక ముక్క కోసి బ్లేడుతో గీకి చూడండి, లోపల తెల్లగా కనబడితే వద్దు. బిగించేటప్పుడు మెలిక అర అంగుళం కన్నా ఎక్కువ విప్పొద్దు, బెల్ గారి పుణ్యం పోతుంది. కరెంటు తీగలూ డేటా తీగలూ ఒకే గొట్టంలో తోయొద్దు. ప్లాస్టిక్ టై పీక నులిమినట్టు బిగించొద్దు, వెల్క్రో వాడండి. ఖాళీ యు లకి మూత పలకలు వేయండి. లేకపోతే వెనకాల వేడి గాలి ముందుకొస్తుంది, ఏసీ ఎంత తిప్పినా లాభం లేదు.

అన్నిటికన్నా ముందు లేబులు. రెండు చివర్లా. ఇవతలి చివర మీద అవతలి చివర ఎక్కడుందో రాయండి. ఏది కదిలిస్తే మొత్తం ఆగిపోతుందో ఆ లింకులకి వేరే రంగు కార్డు వేయండి. ఏ రంగు దేనికో రాకు తలుపు లోపలివైపు కాగితం మీద రాసి అంటించండి. ఎక్సెల్ షీటు మంచిదే, కానీ రాకు ముందు నిలబడ్డవాడి చేతిలో షీటు ఉండదు, తీగే ఉంటుంది.

*

మళ్ళీ మొదటికి. ఆ సంఘటన జరిగిన చాలా రోజుల తర్వాత ఆ కుర్రాడి నంబరు వెతికి ఫోన్ చేశాను. ఇంకో చోట ఫైబరు పనిలో ఉన్నాడు. క్షమించమని అడగాలని చేశాను గానీ మాట ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. అతనే అన్నాడు, "పోనియ్యన్నా. నేను వచ్చిన కొత్తలనే లేబుల్ మిషిన్ అడిగిన. బడ్జెట్ లేదన్నరు."

లేబుల్ మిషనుకి కొన్ని వేలు. ఆ రాత్రి ఆగిన నాలుగు గంటల ఖర్చుతో అలాంటివి ఎన్ని వచ్చేవో లెక్క వేయడానికి నాకు మనసొప్పలేదు.

'మానవ తప్పిదం' అని రాయడం చాలా తేలిక. నిజానికి ఆ తప్పులో మనుషులు చాలామంది ఉన్నారు. రాసి పెట్టకుండా వెళ్ళిన పాత అడ్మిన్, మిషన్ కొనని మేనేజరు, రెండేళ్ళ నాటి షీటు చూసి తీసెయ్ తమ్ముడూ అన్న నేను. కానీ తీగ చివర చెయ్యి ఎవరిదుంటే పేరు వాళ్ళదే పడుతుంది. న్యూయార్కులో స్తంభం మీద ఉన్నదీ అలాంటి చెయ్యే.

ఆ పాత మెయిల్ ఇప్పుడు దిద్దడానికి వీల్లేదు. ఇప్పుడున్న కంపెనీలో మాత్రం మా అంతస్తు రాకుకి లేబుళ్ళు వేసేటప్పుడు నేనూ రెండు శనివారాలు కూర్చున్నాను. మా టీము వాళ్ళు నవ్వారు, నీకెందుకురా ఈ ఎలక్ట్రీషియన్ పని అని. నవ్వనివ్వండి.

సోమవారం ఆఫీసుకెళ్ళినప్పుడు వీలైతే ఒక్కసారి మీ సర్వర్ రూము తలుపు తీయించి చూడండి. మీకు తెలియని ఏదో ఒక తీగ పట్టుకుని, ఇది లాగితే ఏం కదులుతుందని అక్కడున్న అబ్బాయిని అడగండి. తడుముకోకుండా చెప్పి లేబుల్ చూపిస్తే అతనికి ఒక టీ ఇప్పించండి. చెప్పలేకపోతే... అప్పుడు కూడా టీ ఇప్పించి, లేబుల్ మిషనుకి రిక్వెస్టు మాత్రం మీ పేరు మీద పెట్టండి.